ఎనిమిదో సంతానం

పోరుమామిళ్ల చెరువు శాసనం గుర్తొచ్చినప్పుడల్లా దాన్ని రాసినవాడికి దండం పెట్టాలనిపిస్తుంది.

1369 నాటి మాట. విజయనగరపు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరిలో కొలువుండి ఆ సీమను ఏలుతున్నాడు. ఇప్పటి కడప జిల్లాలో కొండల మధ్య సందులను కట్టలతో మూయించి ఒక చెరువు నిలబెట్టాడు. అనంతరాజసాగరమని దానికి పేరు పెట్టాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. ఆ వివరమంతా సంస్కృతంలో చెక్కించి భైరవాలయం దగ్గర నిలిపారు. అందులో వంశావళి ఉంది, బిరుదులున్నాయి, జలదానం ఎంత పుణ్యమో ఉంది. శాసనమన్నాక అవన్నీ ఉంటాయి. ఆశ్చర్యం ఆ తర్వాత మొదలవుతుంది. లింగయ మాచనార్యుడనే ఆ కవి రాజుగారి పొగడ్త ముగించి, నడుం బిగించి, చెరువు ఎలా కట్టాలో చెప్పడానికి దిగుతాడు.

మంచి చెరువుకు పన్నెండు కలిసిరావాలట. ధర్మం, కలిమి, కీర్తి మీద ఆశ ఉన్న రాజు కావాలి. నీటిశాస్త్రం తెలిసిన పండితుడు కావాలి. నేల గట్టి బంకమట్టి అయి ఉండాలి. మూడు యోజనాల దూరం నుంచి తీయని నీళ్లు తెచ్చే ఏరు ఉండాలి. కట్ట మరీ పొడవు కాకూడదు, రాతికట్టుతో బిగువుగా ఉండాలి. తిన్నని పొడవాటి రాళ్లు దొరికే గని దగ్గర్లో ఉండాలి. చివరగా, కట్టడంలో ఆరితేరిన పనివాళ్లుండాలి. రాజుతో మొదలైన లెక్క పనివాళ్లతో ముగుస్తుంది. రాజు ఎంత అవసరమో తట్ట మోసేవాడూ అంతే అవసరమని ఒప్పుకున్న శాసనాలు మనకు ఎన్ని ఉన్నాయి?

ఆపైన ఆరు దోషాలు. కట్టలోంచి నీరు ఊరడం. చౌడు నేల. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు పడటం. చెరువు నడుమ తాబేటి వీపులా మెరక లేవడం. నీళ్లు కాసినే ఉండి ఆయకట్టు ఎక్కువ కావడం. నీళ్లు దండిగా ఉండి పారించడానికి నేల చాలకపోవడం. మూడో దోషం దగ్గర నాకు నవ్వాగదు. పొలిమేర నీళ్ల జోలికి పోవద్దురా నాయనా అని ఆరున్నర శతాబ్దాల కిందటే రాతిమీద రాసిపెట్టారు. మనమేమో ట్రిబ్యునల్ మీద ట్రిబ్యునల్ వేసుకుంటూ కూర్చున్నాం.

ఈ పన్నెండూ ఈ ఆరూ ఎవరి కోసం? భవదూరుడికి వీటితో పనిలేదు, ఆయన చెరువు అప్పటికే నిండింది. పోరుమామిళ్ల రైతుకూ అక్కర్లేదు. ఇది ఎప్పుడో, ఎక్కడో, ఇంకో చెరువు తలపెట్టే ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పిన మాట. నేను కట్టాను చూడు అనడం ఎవరైనా చేస్తారు. నువ్వు కట్టేటప్పుడు ఇక్కడిక్కడ జాగ్రత్త అని చెప్పి పోవడానికి ఇంకో రకం మనసు కావాలి. ఆ మనసుకే నా దండం.

మనిషి వెనక ఏం మిగలాలన్న ప్రశ్నకు మన పెద్దలు ఏడు జవాబులు చెప్పి సప్తసంతానాలన్నారు. కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం. ఈ వరుసలో కొడుకునూ చెరువునూ పక్కపక్కన కూర్చోబెట్టిన ధైర్యం చూడండి! కడుపున పుట్టినవాడూ పలుగూ పారా పట్టి తవ్వించిన గొయ్యీ ఒకే గౌరవానికి తగినవట. బిడ్డలు లేని ఎంతమంది ఇల్లాళ్లు ఈ మాటతో గుండె కుదుటపరుచుకుని బావి తవ్వించారో, చలివేంద్రం పెట్టించారో, దారిపక్క నాలుగు మామిడి మొక్కలు నాటించారో! కూతురిని లెక్కలోకే తీసుకోకపోవడం మాత్రం ఆ పెద్దల తప్పు. అది దాచుకోవలసిన పనిలేదు.

ఏడింటిలోనూ నిధి నాకు అస్సలు నచ్చదు. భూమిలో పాతిపెట్టిన బంగారం వల్ల ఈ నేలకు జరిగిన మేలేమిటో తెలియదు గానీ, దాని మీద ఆశతో అర్ధరాత్రి నందుల పొట్టలు పగలగొట్టినవాళ్ల కథలు ప్రతి జిల్లాలో ఉన్నాయి. అగ్రహారాల రోజులు పోయాయి. గుడి సంగతి వేరు. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో నిలిపిన రామప్పను 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది, మనమంతా పొంగిపోయాం, పొంగవలసిందే. కానీ గుడి చూసి తిరిగొచ్చే జనంలో ఎంతమంది ఆ పక్కనున్న చెరువుకు నమస్కారం పెట్టారు? నల్లరాతి నాగినుల ఒంపులు చూసి ముచ్చటపడతాం. పొలాలకు నీళ్లు పంపే ఆ మట్టికట్ట ఒంపు ఫోటోలో కూడా పడదు.

తోట విషయంలో మనకు మన కాలంలోనే ఒక సాక్షి దొరికాడు. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి దరిపల్లి రామయ్య. వనజీవి అన్నది జనం ఆయనకిచ్చిన ఇంటిపేరు. జేబుల్లో విత్తనాలు, సైకిల్ మీద మొక్కలు, తలకూ మెడకూ చెట్టు గురించి రాసిన అట్టలు, తోడుగా భార్య జానమ్మ. రోడ్డు పక్కన, కాలువ గట్టున, బడి వెనక, ఎక్కడ జానెడు ఖాళీ కనిపిస్తే అక్కడ ఒక గింజ. కోటికి పైగా మొక్కలు నాటారని చెబుతారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో వెళ్లిపోయారు. ఆ ఎండాకాలం ఖమ్మం రోడ్ల మీద నీడన బండి ఆపుకున్నవాళ్లలో ఎందరు ఆయన సంతానం కింద నిలబడ్డారో ఎవరు చెప్పగలరు? చెట్టుకు తనను నాటినవాడి పేరు తెలియదు. నీడకు అంతకన్నా తెలియదు.

ఇక చెరువు. నాకు ఏడింటిలోనూ ఇదే పెద్దది.

ఎండాకాలం చెరువు అడుగంటినప్పుడు పాత తూము దగ్గరికి వెళ్లి చూడండి. కట్టకు లోపలివైపు నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలువునా ఉంటాయి. వాటి మధ్య అడ్డపలకలు, పలకలకు బెజ్జాలు. బెజ్జాల గుండా పైనుంచి కిందికి ఒక పొడవాటి గడ, గడ కొసన బిరడా. అడుగున రాతికి గుండ్రటి కన్నం. బిరడా ఆ కన్నంలో కూర్చుంటే చెరువంతా ఆగిపోతుంది. జానెడు పైకెత్తితే నీళ్లు కట్ట కడుపులోంచి దారి చేసుకుని అవతల పంటకాలువలో పడతాయి. మోటారు లేదు, కరెంటు లేదు. ఒక కర్ర, ఒక రాయి, ఒక మనిషి.

ఆ మనిషిని కొన్నిచోట్ల నీరుగంటి అంటారు, కొన్నిచోట్ల నీరటి. చెరువు నిండుగా ఉన్నప్పుడు ఈదుకుంటూ పోయి గడ ఎత్తి రావడం ఆయన పని. ఏ మడికి ఏ పూట నీళ్లు, ఎవరి గనిమ ఎవరు తెంచారు, కట్టమీద ఎక్కడ ఎలుక బొరియ పడింది, వాన జోరు చూస్తే ఈ రాత్రి అలుగు పారుతుందా పారదా, అన్నీ ఆయన తలలోనే. జీతం నెలకు రాదు. పంట కల్లంలోకి వచ్చాక రైతులు తలా ఇంత కొలిచి మేర ఇస్తారు. చెరువు పండితేనే ఆయన కుండ ఉడుకుతుంది. అందుకే అర్ధరాత్రి గాలివానలో కట్టమీద లాంతరు పట్టుకుని తిరిగేది ఆయనే.

ఈ మనిషి లేకపోతే భవదూరుడి సాగరం రెండు వానాకాలాలు దాటేది కాదు. ఈ సంగతి పాతవాళ్లకు బాగా తెలుసు. రాయలసీమలో దశబంధం ఇనాములని ఉండేవి. చెరువు కట్టినవాడికో బాగుచేసినవాడికో కొంత భూమి రాసిచ్చేవారు. తిని కూర్చోవడానికి కాదు, ఆ భూమి పంటతో ఏటా కట్ట ఎత్తు చూసుకోవాలి, పూడిక తీయించాలి, తూము చక్కబెట్టాలి. చూసుకోవడం మానేస్తే ఇనాం పోతుంది. కట్టడానికి ఒకసారి డబ్బు, కాపాడటానికి ఎప్పటికీ పొలం! ఆ రెండో లెక్క తెలిసిన రాజ్యాలు పోయాయి గానీ చెరువులు మిగిలాయి. కరువొచ్చిన ఏడు రాయలసీమలో, కన్నడదేశంలో కొన్ని చెరువుల కింద దామాషా అని ఇంకో ఏర్పాటు ఉండేది. ఉన్న నీళ్లు పారేంత మేర తూము దగ్గరి నేలనే అందరూ తమ తమ వాటా ప్రకారం పంచుకుని సాగు చేసుకునేవారు. నీళ్లు అందని చివరి మడి ఆసామికి కూడా ఆ ఏడు గింజలు అందేవి. ఇది ఏ శాసనంలోనూ చెక్కి లేకపోవచ్చు. ఊరి నోట్లో ఉంది. అది చాలు.

చెరువు గొప్పదని ఇంతగా అంటున్నానా, కృష్ణదేవరాయలు నాతో ఒప్పుకోడు. మనుచరిత్ర అవతారికలో పెద్దనను పిలిచి కృతి చెప్పమని అడుగుతూ, ఏడు సంతానాల్లో చెడిపోకుండా నిలిచేది కృతి ఒక్కటేనన్న మాట అంటాడాయన. కవికి ఆ మాట విని ఒళ్లు పులకరించే ఉంటుంది. నేను మాత్రం ఆ మాట వెనక ఒక గండిపడిన కట్ట ఉందేమోనని ఊహించుకుంటాను. ఎందుకంటే రాయలు స్వయంగా చెరువు కట్టించినవాడు. నాగలాపురం దగ్గర, అంటే ఇప్పటి హోస్పేట పక్కన, ఆయన పెద్ద చెరువు తలపెట్టాడు. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్ ఆ పని కళ్లారా చూశాడు. పదిహేను ఇరవై వేలమంది చీమల్లా కనబడ్డారని, వాళ్ల కింద నేలే కనిపించలేదని రాశాడు. కట్ట రెండు మూడుసార్లు తెగిందనీ, శాంతికోసం మనుషులనూ గుర్రాలనూ దున్నలనూ బలిచ్చారనీ కూడా ఆయనే రాశాడు. మట్టి ఎంత పొగరుబోతుదో రాయలకు తెలుసు. అంత సైన్యం, అంత బంగారం ఉన్నవాడికి కూడా ఒక కట్ట మాట వినలేదు. తాటాకు మీది పద్యమైతే తెగదు కదా అనుకుని ఉంటాడు.

చెరువుకట్టల కింద మన ఊళ్లు ఎన్ని ప్రాణాలు పెట్టాయో చెప్పకుండా చెరువును పొగిడితే ఆ పొగడ్త అబద్ధం. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలికోరిందట గ్రామదేవత. ఊరంతా తల దించుకుంది. ఆ పిల్ల పసుపు కుంకుమలతో నడిచివెళ్లి గండిలో నిలబడింది. ఇది కథే కావచ్చు. కానీ ఊరి చెరువు కోసం ఎవరి ప్రాణం అడగవచ్చో ఊరు ఎలా తేల్చుకుంటుందో ఆ కథ దాచలేదు. రెడ్డిగారిని అడగలేదు దేవత, కొత్తగా వచ్చిన కోడలిని అడిగింది. కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నరోజుల్లోనే ఈ కథను ముసలమ్మ మరణమనే కావ్యం చేశాడు. ఆ కట్టను ఇప్పటికీ ముసలమ్మ కట్ట అనే పిలుస్తారు. బుక్కరాయలు సముద్రం పేరులో ఉన్నాడు, ఆమె కట్ట పేరులో ఉంది. వాళ్లిద్దరిలో నీళ్లను ఆపింది ఎవరో జనం తేల్చేశారు.

కట్టమంచికి ఈ కథ ఎక్కడ దొరికింది? బ్రౌన్ దొర అచ్చువేయించిన అనంతపురం చరిత్రలో. రాయలవారి వాదం ఇక్కడే కాస్త కుంటుతుంది. కృతి చెడదన్నాడు ఆయన. నిజానికి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చేనాటికి మన కృతులు చెదల నోట్లో ఉన్నాయి. అటకల మీద తాటాకు కట్టలు పొడి అయిపోతున్నాయి. తప్పుల మీద తప్పులు పేరుకుని ఏది కవి రాసిందో ఏది లేఖకుడు చేర్చిందో తెలియని స్థితి. చెరువుకే కాదు, పద్యానికీ పూడిక పడుతుంది. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, సొంత జీతం పోసి, చాలక అప్పు చేసి, ఆ పూడిక తీయించాడు. జూలూరి అప్పయ్య వంటివాళ్లు ఒక ప్రతితో ఇంకో ప్రతి సరిచూస్తూ కళ్లు కాయలు చేసుకున్నారు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయి. 1852లో నిఘంటువు వచ్చింది. ఆయన 1884లో లండన్‌లో పోయాడు. కాలం గడిచి కడప బంగళా మొండిగోడలుగా మిగిలితే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనుకుని అదే చోట బ్రౌన్ పేర గ్రంథాలయం లేపారు. వేమన్నను బ్రౌన్ కాపాడాడు, బ్రౌన్‌ను జానమద్ది కాపాడారు. జానమద్దిని కాపాడటం మన వంతు.

పోరుమామిళ్ల చెరువూ బ్రౌన్ బంగళా ఒకే జిల్లాలోవి. ఆ ఒక్క జిల్లాలోనే నాకు సంతానాల లెక్క సరిచేసుకోవడానికి కావలసింది దొరికింది. పెద్దలు ఏడు చెప్పి ఆగిపోయారు. ఏడింటినీ కనిపెట్టుకుని ఉండేవాళ్లను లెక్కవేయలేదు. చెరువుకు నీరుగంటి, కృతికి లేఖకుడు, తోటకు పాదులు తీసేవాడు, గుడికి దీపం పెట్టేవాడు, కొడుకుకు దాది. వీళ్ల పేర్లు శాసనానికి ఎక్కడం అరుదు. వీళ్లు ఒక్క తరం పని మానేస్తే ఏడు సంతానాలూ గొడ్డుబోతాయి. కాపరితనమే ఎనిమిదో సంతానం అని నేను తీర్మానించుకున్నాను. ఏ పండితుడైనా కాదంటే ఆయనతో వాదం పెట్టుకోను, ఒక వానాకాలపు రాత్రి చెరువుకట్ట మీదికి తీసుకెళ్తాను.

నా వెనక ఏం మిగలాలంటే నా కోరిక కూడా ఆ వరుసలోనిదే. చెరువు తవ్వించే స్తోమత లేదు. పెద్దన పక్కన నిలిచే పద్యం రాదు. మా అమ్మకు నూరుకు తక్కువ కాకుండా పాటలు వచ్చు. మంగళహారతులు, తలుపు దగ్గరి పాటలు, అప్పగింతల పాటలు, ఉయ్యాల పాటలు. వాటిని ఆమె గొంతుతోనే ఫోన్‌లో పట్టి, ఏ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ ఊళ్లో దాన్ని ఎలా తిప్పి పాడతారో పక్కన రాసిపెట్టాలి. నాకు తెలిసిన నాలుగు పనుల్లో ఎక్కడ చెమ్మ ఊరుతుందో, ఎక్కడ చౌడు తగులుతుందో మాచనార్యుడి పద్ధతిలో విడమరిచి రాయాలి. పిల్లలకు నా ఫోటోకు దండ వేయడం రాకపోయినా ఫర్వాలేదు, ఆ కాగితం చూసి పని మొదలుపెట్టడం రావాలి. ఇంకొకరు మొదలుపెట్టి వదిలేసిన పని ఏదైనా నా చేతుల్లోకి వస్తే, దాన్ని చెడగొట్టకుండా తర్వాతివాళ్లకు అప్పగించి వెళ్లాలి. అంతే. ఇదేమీ చిన్న ఆశ కాదు. పోరుమామిళ్లలో ఆరువందల యాభై ఏళ్లుగా ఎవరో ఒకరు చేస్తున్న పని ఇదే.

ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ వారసత్వ కట్టడంగా గుర్తించింది. దానితోపాటు కంభం చెరువునూ కేసీ కెనాల్‌నూ గుర్తించింది. గుర్తింపు మంచిదే. దానివల్ల కట్టమీది కంపచెట్లు వాటంతటవే పోవు, తూము దానంతటదే మూసుకోదు. మీ ఊరికీ ఒక చెరువు ఉండే ఉంటుంది. కట్టమీదో గుడి ముందో సున్నం కొట్టిన రాయి ఒకటి ఉంటుంది. ఈ వేసవిలో ఊరికి వెళ్లినప్పుడు దాన్ని నీళ్లతో కడిగి ఫోటో తీసి, లిపి తెలిసినవాళ్ల చేత చదివించండి. ఒకప్పుడు తూము ఎత్తిన పెద్దాయన ఎవరైనా బతికుంటే పక్కన కూర్చుని, ఏ ఏడు ఎక్కడ గండి పడింది, ఎలా పూడ్చారు అని అడిగి ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. ఆయన పేరు మొదటి పేజీలో రాయడం మరచిపోకండి.